రంగం వెళ్లిన మా తాతగారి జీవితాన్ని ఆ కాలపు సంఘటనల పక్కన పెట్టి చూడడం ఎలా?

వంశధార తీరం అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారి తండ్రి జీవితాన్ని మా పిల్లల కోసం రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మాది కళింగపట్నానికి దగ్గరలోని ఒక చిన్న గ్రామం. తాతగారు వయసులో ఉండగా కూలీలను తీసుకెళ్లే ఒక మేస్త్రీ వెంట రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్లారు. అక్కడ రేవులో బస్తాలు మోశారని, కొన్నాళ్లు బియ్యం మిల్లులో కూడా పనిచేశారని, యుద్ధంలో బాంబులు పడినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచి వచ్చారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన 1967లో కాలం చేశారు. ఆయనకు చదవను, రాయను రాదు. కాబట్టి సొంత చేతి రాత అంటూ ఏదీ మిగలలేదు.

ఇంట్లో వాళ్లు చెప్పే మాటల్లో ఒక్క తేదీ కూడా లేదు. ఆయన నుదుటి మీద లోతైన మచ్చ ఉండేదని, అది రంగంలో జరిగిన గొడవల్లో తగిలిన దెబ్బ అని అందరూ ఒప్పుకుంటారు. ఆ గొడవలు 1938 నాటివని మా చిన్నాన్న అంటారు. మా నాయనమ్మ మాత్రం ‘భూమి కంపించిన నెలలోనే ఆ గొడవలూ వచ్చాయి, అప్పటికి నేను కడుపుతో ఉన్నాను’ అని చెప్పేదట. నడిచి వచ్చిన దారి విషయంలోనూ ఇలాగే రెండు కథలున్నాయి. కొండ దాటి సముద్రం ఒడ్డుకు చేరి, మళ్లీ ఓడ ఎక్కి చిట్టగాంగులో దిగారని పెద్దత్త చెబుతుంది. అస్సాం అడవుల్లో నెలల తరబడి నడిచారని చిన్నాన్న చెబుతారు. ఆయన ఇల్లు చేరిన రోజుల్లోనే విశాఖలో బాంబులు పడ్డాయన్న మాటను మాత్రం ఇద్దరూ ఒకేలా చెబుతారు.

ఇంకొక విషయం రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. అంగీరస, శ్రీముఖ సంవత్సరాల్లో ఆయన ఇంటికి పైసా పంపలేదని, అక్కడ వేరే కాపురం పెట్టి ఉంటాడని మా నాయనమ్మ పుట్టింటివారు నిందించారట. ఆ నింద ఇప్పటికీ మా బంధువుల నోళ్లలో ఉంది.

నా దగ్గర ఉన్న ఆధారాలు చాలా తక్కువ. పిల్లల జాతక చీటీలు ఉన్నాయి: పెద్దత్త ప్రమోదూత ఆశ్వయుజం, మా నాన్నగారు భావ భాద్రపదం, చిన్నాన్న స్వభాను మాఘం, చిన్నత్త సర్వధారి కార్తీకం. రంగం నుంచి ఎవరిచేతనో రాయించి పంపిన ఉత్తరం తాలూకు కవరు ఒకటి ఉంది. లోపలి కాగితం లేదు, ముద్రలో తేదీ చెరిగిపోయింది. తపాలా బిళ్ల మీద రాజు బొమ్మ, దాని మీద అడ్డంగా నల్లటి అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆయన పెట్టెలో కొన్ని జపాను నోట్లు కూడా దొరికాయి. వీటితో ఆయన జీవితానికి ఒక వరుస కట్టవచ్చునా?

చరిత్ర మాస్టారు ఇచ్చిన సమాధానం:

మీ దగ్గర ఉన్న ఆధారాలు తక్కువేమీ కావు. నేను చాలాకాలం కళాశాలలో చరిత్ర బోధించాను. విద్యార్థులు తమ కుటుంబాల గురించి రాసినప్పుడల్లా ఒక పద్ధతి కనిపించేది. ముందు ప్రసిద్ధమైన సంఘటనలను వరుసగా రాసుకుని, వాటన్నిటిలోనూ తమ తాతను నిలబెట్టేవారు. మీరు అలా చేయకండి. ఇంటి మాటను ముందు యథాతథంగా, ఎవరు చెప్పారో ఆ పేరుతో సహా రాసుకుని, ఆ మాట ఏ సంఘటనకు సరిపోతుందో, ఏ సంఘటనకు సరిపోదో చూడండి. సరిపోనిది తేలినప్పుడే మనకు ఎక్కువ తెలుస్తుంది.

నుదుటి మచ్చతో మొదలుపెడదాం. రంగంలో భారతీయుల మీద పెద్ద ఎత్తున దాడులు జరిగిన సందర్భాలు రెండు ఉన్నాయి, ఒకటి 1930 మే నెలలో, మరొకటి 1938 జులై ఆఖరులో. మీ నాయనమ్మగారు భూకంపం మాట చెప్పకపోయి ఉంటే ఈ రెండింటిలో ఏదో తేల్చడం కష్టమయ్యేది. 1930 మే 5వ తేదీ సాయంత్రం రంగానికి దగ్గరలోని పెగూ ప్రాంతంలో తీవ్రమైన భూకంపం వచ్చింది. పెగూలోని ష్వేమోడో పగోడా కూలింది, రంగంలోనూ ఇళ్లు కూలి జనం చనిపోయారు. గాంధీజీని ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టు చేసినదీ ఆ రోజే. అదే నెలలో రంగం రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే కంట్రాక్టర్లు వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. మే 26న సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనికి వచ్చేసరికి, అప్పటిదాకా పనిచేసిన బర్మీయులను పొమ్మన్నారు. రేవు దగ్గర మొదలైన ఘర్షణ నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, గాయపడినవారు వందల సంఖ్యలో ఉన్నారు. చనిపోయినవారిలో, గాయపడినవారిలో అత్యధికులు తెలుగు కూలీలే. కాబట్టి ‘భూమి కంపించిన నెలలోనే గొడవలు’ అన్న మాట 1930కి తప్ప 1938కి సరిపడదు.

ఇప్పుడు దీనిని జాతక చీటీతో సరిచూడండి. ప్రమోదూత ఆశ్వయుజం అంటే 1930 సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు రోజులు. తొమ్మిది నెలలు వెనక్కి వెళితే మీ తాతగారు 1929 డిసెంబరు, 1930 జనవరి ప్రాంతంలో ఊళ్లో ఉన్నారు. మే నెల నాటికి మీ నాయనమ్మగారు నాలుగైదు నెలల కడుపుతో ఉన్నారు, ఆయన రంగంలో ఉన్నారు. అంటే సంక్రాంతి వెళ్లాక, మన దగ్గర కోతలు, నూర్పులు ముగిసి, బర్మాలో బియ్యం మిల్లులు ముమ్మరంగా ఆడే కాలానికి ఆయన ఓడ ఎక్కారు. ఆ రోజుల్లో కళింగపట్నం, బారువ, భీమునిపట్నం వంటి చిన్న రేవులలో కూడా ఆవిరి ఓడలు ఆగేవి. మీ కుటుంబంలో తొంభై ఏళ్లుగా నోటి మాటగా నిలిచిన ఒక వాక్యం, పంచాంగంతోనూ, భూకంపంతోనూ, రేవు సమ్మెతోనూ ఒకేసారి సరిపోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

తరువాత డబ్బు పంపని సంగతి. దీనిని తొందరపడి క్షమించవద్దు, తొందరపడి నిందించవద్దు. అంగీరస, శ్రీముఖ అంటే 1932 ఉగాది నుంచి 1934 ఉగాది దాకా. 1929 చివరి నుంచి ప్రపంచమంతటా ధరలు పడిపోయాయి. బర్మా బతుకంతా వరి ఎగుమతి మీద నడిచేది కనుక అక్కడ దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ఎగుమతి తగ్గితే రేవు కూలీకి పని తగ్గుతుంది, మిల్లు ఆగితే మిల్లు కూలీకి పని ఉండదు. పల్లెల్లో 1930 డిసెంబరులో సయా సాన్ నాయకత్వంలో రైతుల తిరుగుబాటు మొదలైంది. ఇదంతా ఆయన చేతిలో డబ్బు లేకపోవడానికి బలమైన కారణం అవుతుంది గాని, వేరే కాపురం లేదని రుజువు చేయదు. అయితే మీ దగ్గరే ఇంకో సాక్ష్యం ఉంది. మీ నాన్నగారు భావ భాద్రపదంలో, అంటే 1934 సెప్టెంబరు ప్రాంతంలో పుట్టారు. కాబట్టి 1933 డిసెంబరు నాటికి, అంటే శ్రీముఖ సంవత్సరంలోనే, మీ తాతగారు ఊళ్లో ఉన్నారు. శ్రీముఖలో కనీసం కొన్ని నెలలు డబ్బు రాకపోవడానికి కారణం, పంపవలసిన మనిషి ఇంట్లోనే ఉండడం. చేతిలో ఏమీ లేకుండా తిరిగి వచ్చిన మనిషిని ఊరు ఎలా చూస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ నింద ఎప్పుడు, ఎవరి నోట మొదలైందో మీ పెద్దత్తగారిని మెల్లగా అడిగి చూడండి.

కవరు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి వేరు చేశారు. అంతవరకు అక్కడ భారతదేశపు తపాలా బిళ్లలే చెల్లేవి. ఆ రోజు నుంచి అయిదవ జార్జి బొమ్మ ఉన్న భారతదేశపు బిళ్లల మీద ‘బర్మా’ అని ఇంగ్లీషులో నల్లగా అచ్చువేసి అమ్మారు. 1938లో ఆరవ జార్జి బొమ్మతో బర్మాకు సొంత బిళ్లలు వచ్చాయి. మీ బిళ్ల మీది నల్లటి అక్షరాలు అవే అయితే, ఆ ఉత్తరం 1937 ఏప్రిల్ కంటే ముందుది కాదు, బహుశా 1938 తరువాత చాలాకాలానికి రాసినదీ కాదు. అంటే మీ తాతగారు మీ నాన్నగారు పుట్టాక మళ్లీ రంగం వెళ్లారన్నమాట.

బర్మా క్యాంపు మనవరాలు ఇచ్చిన సమాధానం:

మా కుటుంబం 1960ల మధ్యలో బర్మా నుంచి విశాఖపట్నం వచ్చింది. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపులో పెరిగినదానిని కనుక, 1942లో నడిచి వచ్చినవారి మాటలు నా చిన్నతనంలో రోజూ వినిపించేవి. మా తాతయ్య తమ్ముడు ఆ నడకలో వచ్చినవారే. అందుకే దారి గురించి మీ ఇంట్లో ఉన్న రెండు కథల మీద నాకు తోచినది రాస్తున్నాను.

రంగం మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23 ఉదయం పడ్డాయి, మళ్లీ 25న పడ్డాయి. మొదటి రోజున విమానాలను చూడడానికి జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారని, అందుకే అంతమంది చనిపోయారని మా వాళ్లు చెప్పేవారు. రేవు కూలీలకు తలదాచుకునే చోటు లేదు. డబ్బున్నవారు ఓడల్లో టికెట్లు కొనుక్కున్నారు. కూలిపని చేసే మగవారు వెళ్లిపోతే రేవు ఆగిపోతుందని ప్రభుత్వం వారిని డెక్ టికెట్టు (ఓడ పైతట్టు మీద కూర్చుని వెళ్లే చౌక టికెట్టు) మీద ఓడ ఎక్కనివ్వలేదు. అందుకే వేలమంది ప్రోమ్ వైపు దారి పట్టారు. ప్రోమ్ దగ్గర ఇరావతి దాటి, అరకాన్ కొండల మీదుగా టాంగప్ అనే ఊరు చేరితే అక్కడ సముద్రం. అక్కడి నుంచి చిన్న పడవల్లోనో, ఓడల్లోనో అక్యాబు, అక్కడి నుంచి చిట్టగాంగు. మీ పెద్దత్తగారు చెప్పిన ‘కొండ దాటి సముద్రం ఒడ్డుకు చేరి మళ్లీ ఓడ ఎక్కారు’ అన్న మాట అక్షరాలా ఈ దారిదే. ఆ కొండదారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు. కలరా వచ్చి దారి పొడవునా మనుషులు పడిపోయారు. మా చిన్నతాతయ్య ఆ నాలుగు రోజుల గురించి మాట్లాడవలసి వస్తే లేచి వెళ్లిపోయేవారు.

రెండవ దారి ఉత్తరాన మాండలే మీదుగా కలేవా, తమ్ము, అక్కడి నుంచి పాలెల్, ఇంఫాల్, చివరకు డిమాపూరులో రైలు. ఈ దారిలో ఎక్కువమంది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వచ్చారు. మూడవది ఇంకా పైన హుకాంగ్ లోయ మీదుగా లెడో చేరే దారి. మే నెల తరువాత వేరే గతి లేనివారు వానల్లో, బురదలో ఆ దారిన వచ్చి ఎక్కువగా చనిపోయారు. మీ చిన్నాన్నగారు చెప్పే ‘నెలల తరబడి అస్సాం అడవులు’ ఈ చివరి దారికి దగ్గరగా ఉంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఇద్దరూ ఒప్పుకునే మాటను చూడండి. విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న. తాతగారు ఆ రోజుల్లోనే ఇల్లు చేరారంటే, మార్చి ఆఖరు నాటికి ఆయన చిట్టగాంగులోనో కలకత్తాలోనో ఉండాలి. హుకాంగ్ దారిన వచ్చినవారు జూన్, జులై దాకా మన ప్రాంతానికి చేరలేదు. రంగం రేవు నుంచి నేరుగా విశాఖకు ఓడలో వచ్చి ఉండవచ్చునా అంటే, మార్చి 7న ఇంగ్లీషువారు రంగం విడిచిపెట్టారు, మరునాడే జపానువారు ప్రవేశించారు. కాబట్టి ఓడ అయితే ఆయన అంతకు ముందే, ఫిబ్రవరిలోనో మార్చి తొలి రోజుల్లోనో దిగి ఉండేవారు. ఎటు చూసినా పెద్దత్తగారి కథే నిలుస్తోంది. చిట్టగాంగు నుంచి రైలు, చాంద్‌పూర్ దగ్గర స్టీమరు, మళ్లీ రైలు, కలకత్తా, హావ్‌డా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే మీద ఆమదాలవలసలో ఉన్న, ఇప్పుడు శ్రీకాకుళం రోడ్డు అని పిలిచే చికాకోల్ రోడ్డు స్టేషను. అక్కడ దిగి మీ ఊరికి వచ్చి ఉంటారు.

చిన్నాన్నగారిని కాదనకండి. ఆయన 1944లో పుట్టారు. ఊళ్లో ఆ దారిన వచ్చినవారు మరికొందరు ఉండే ఉంటారు. చిన్నప్పుడు అరుగు మీద విన్న కథలు కలిసిపోవడం సహజం. ఆయన కథను కూడా రాసి, అది ఎవరి కథ అయి ఉంటుందో ఊళ్లో అడగండి. ఇంకో కుటుంబానికి అది ఏకైక ఆధారం కావచ్చు.

జపాను నోట్ల విషయం మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ‘బి’ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలయ్యే గుర్తు, పగోడా బొమ్మ ఉంటే అవి జపానువారు బర్మా కోసం వేసిన రూపాయి నోట్లు. కాని అవి వారు బర్మాను పట్టుకున్నాక చెలామణిలోకి వచ్చినవి. మార్చిలో కొండ దాటి వచ్చేసిన మనిషి దగ్గర అవి ఉండడానికి వీలులేదు. యుద్ధం ముగిశాక అవి చిత్తు కాగితాలైపోయి సైనికుల ద్వారా ఎక్కడెక్కడికో చేరాయి కాబట్టి ఎవరైనా ఇచ్చి ఉండవచ్చు. లేదా మీ తాతగారు యుద్ధం తరువాత మళ్లీ రంగం వెళ్లి ఉండవచ్చు. ఆ నోట్లలో మామూలు భారతదేశపు నోటు, దాని మీద ఎర్రగా ఏవైనా అక్షరాలు అచ్చువేసినది ఉందేమో దయచేసి చూడండి.

వంశధార తీరం:

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పెట్టె మళ్లీ తీయించి చూశాను. తపాలా బిళ్ల మీద మాస్టారు చెప్పిన అక్షరాలే ఉన్నాయి, బొమ్మ అయిదవ జార్జిదే. జపాను నోట్ల మధ్యలో ఆరవ జార్జి బొమ్మతో అయిదు రూపాయల నోటు ఒకటి ఉంది. దాని మీద బర్మా సైనిక పరిపాలన అని, బర్మాలో మాత్రమే చెల్లుతుందని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఎర్రటి రంగులో ఉన్నాయి.

పెద్దత్తకు ఫోను చేసి అన్నీ వివరంగా అడిగాను. ఆమెకు తొంభై దాటింది గాని జ్ఞాపకం బాగానే ఉంది. చిన్నాన్న తప్పటడుగులు వేసే వయసులో, లేదా ఆ తరువాత కొద్దికాలానికే, తాతగారు ‘రావలసిన డబ్బు వసూలు చేసుకు వస్తాను’ అని చెప్పి మళ్లీ వెళ్లారట. నాయనమ్మ కాళ్లావేళ్లా పడినా వినలేదట. రెండు పండుగలకు లేరట. ఈ సంగతి ఇంతవరకు మాకెవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు అంది.

నింద గురించి కూడా అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ రోజుల్లో ఆయన ఇంటికి వచ్చి పని లేక కూర్చున్నారని, పుట్టింటివారు ధాన్యం పంపితే తిన్నారని, ఆ కోపంతోనే వారు ఆ మాట అన్నారని చెప్పింది. రంగంలో ఇంకో ఇల్లు ఉన్న సంగతి తాను ఎన్నడూ వినలేదంది.

ఇప్పుడు నాకు రెండు సందేహాలు. ఈ చివరి ప్రయాణానికి తేదీ కట్టడం ఎలా? ఏదైనా ప్రభుత్వ కాగితంలో ఆయన పేరు దొరికే అవకాశం ఉందా?

దస్తావేజు ఇచ్చిన సమాధానం:

నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి విరమించాను. కాగితాల వైపు నుంచి చెప్పగలిగినది చెబుతాను.

ముందుగా, దొరకనిదాని కోసం మీ కాలం వృథా కాకూడదు. నటాల్, మారిషస్, ఫిజీ వంటి చోట్లకు ఒప్పందం మీద వెళ్లిన కూలీలకు ఒక్కొక్కరికీ పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీది గుర్తులతో కాగితం రాశారు. అందుకే వారి వంశస్థులు ఈనాటికీ ఊరు పేరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తున్నారు. బర్మా 1937 దాకా భారతదేశంలో భాగం. అక్కడికి మేస్త్రీ అడ్వాన్సు మీద వెళ్లిన మనిషి డెక్ టికెట్టు కొనుక్కుని వెళ్లాడు, అంతే. అటువంటి కాగితం ఆయన కోసం ఎవరూ రాయలేదు. కాబట్టి ఆయనను రంగంలో కాక మీ ఊళ్లోనే వెతకాలి.

జిల్లా పేరు దగ్గర చాలామంది తప్పిపోతారు. మీ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉంది, తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. మీ తాతగారు ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల మనిషి అయ్యారు. పాత దస్తావేజులను, చెన్నైలోని ఎగ్మూరులో ఉన్న పాత మద్రాసు ప్రభుత్వ రికార్డులను అడిగేటప్పుడు, ఏ సంవత్సరానికి ఏ జిల్లా పేరుతో అడగాలో ముందు రాసుకోండి.

రంగం డబ్బు ఊళ్లో ఏదో రూపంలో భూమి అవుతుంది. పొలం కొనడమో, తాకట్టు విడిపించడమో, ఇల్లు కట్టడమో జరుగుతుంది. మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలోకి వచ్చేదో తెలుసుకుని, అక్కడ పేర్ల సూచికలో మీ తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, మీ నాయనమ్మగారి పేరు మూడూ వెతికించండి. మగవాడు ఊళ్లో లేనప్పుడు భార్య పేరున రాయించుకున్న దస్తావేజులు నేను చాలా చూశాను. 1929 నుంచి 1949 దాకా సంవత్సరం వారీగా దరఖాస్తు పెట్టండి, ఏదైనా దొరికితే నకలు తీసుకోండి. దస్తావేజులో మీకు కావలసినది భూమి వివరం ఒక్కటే కాదు. ఆయన స్వయంగా హాజరై వేలిముద్ర వేశారా, ఆయన తరఫున మరొకరు హాజరయ్యారా అనేది వెనక పేజీలో ఉంటుంది. ఆయన వేలిముద్ర ఉన్న ప్రతి తేదీన ఆయన ఊళ్లో ఉన్నట్టు లెక్క. రంగం నుంచి అధికారపత్రం మీద మరొకరు వస్తే, ఆ తేదీన ఆయన అక్కడ ఉన్నట్టు లెక్క. మీ ఊరు జమీందారీ గ్రామం అయి ఉంటే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత తయారైన సెటిల్మెంట్ రికార్డులలో, గ్రామ భూముల వివరాలు వరుసగా రాసిన ఫెయిర్ అడంగల్‌లో ఆయన పేరున ఎంత భూమి ఉందో తెలుస్తుంది. ఆయన ఇరవై ఏళ్ల కష్టం చివరకు ఎన్ని సెంట్లు అయిందో ఆ ఒక్క వరుసలో కనిపిస్తుంది.

బడి రిజిస్టరు కూడా చూడండి. మీ నాన్నగారిని బడిలో చేర్చినప్పుడు సంరక్షకుడిగా ఎవరు సంతకమో, వేలిముద్రో పెట్టారో అడ్మిషన్ రిజిస్టరులో ఉండవచ్చు. తండ్రి ఊళ్లో లేకపోతే మేనమామ పేరు ఉంటుంది.

చరిత్ర మాస్టారు:

చివరి ప్రయాణం సంగతి నేను చెబుతాను. ఎర్ర అక్షరాల నోట్లు ఇంగ్లీషు సైన్యం బర్మాను తిరిగి ఆక్రమించుకున్నప్పుడు చెలామణిలోకి తెచ్చినవి. పౌర ప్రభుత్వం 1945 అక్టోబరులో తిరిగి వచ్చింది. ఆ నోట్లు ఆ తరువాత కూడా కొంతకాలం చెల్లాయి. జపాను నోట్లు 1945లోనే విలువ కోల్పోయాయి కనుక రంగం వీధుల్లో అవి ఉచితంగా దొరికేవి. చిన్నాన్నగారు 1944 జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో పుట్టారు. ఆయన నడక నేర్చిన తరువాత అన్న పెద్దత్తగారి మాట, ఈ నోటు, సర్వధారి కార్తీకంలో, అంటే 1948 నవంబరు ప్రాంతంలో చిన్నత్తగారి పుట్టుక, ఈ మూడింటి మధ్య ఆ ప్రయాణం ఇమడాలి. 1948 ఫిబ్రవరి నాటికి ఆయన తిరిగి వచ్చేశారు. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చినది 1948 జనవరి 4న. 1947లోనే బర్మా ప్రభుత్వం వలసల మీద కట్టుదిట్టమైన చట్టం తెచ్చింది కాబట్టి, కూలీగా వెళ్లే మనిషికి 1946 అనువైన కాలం. నేనైతే ‘1946, 1947 సంవత్సరాలలో, బహుశా’ అని రాస్తాను. ఆ ‘బహుశా’ను మాత్రం తొలగించవద్దు.

రాసేటప్పుడు ఒక మాట పాటించండి. కాగితం చెప్పినది, పెద్దత్తగారు చెప్పినది, మనం లెక్కకట్టి ఊహించినది, ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోకుండా చూడండి. ‘1930 మేలో రంగం గొడవల్లో తాతగారి నుదుటికి గాయమైంది’ అని రాయడం సులువు. ‘నాయనమ్మ చెప్పిన భూకంపం మాటను బట్టి ఆ గాయం 1930 మే నెల నాటిదని తెలుస్తోంది’ అని రాస్తే, రేపు మీ మనవలలో ఎవరికైనా కొత్త కాగితం దొరికినప్పుడు ఎక్కడ సరిదిద్దాలో వారికి తెలుస్తుంది. పెద్దత్తగారి గొంతును ఈ వారంలోనే ఫోనులో రికార్డు చేయండి. ప్రశ్నలు తేదీలతో అడగవద్దు. ‘అప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఎవరి పెళ్లి అయింది, పొలంలో ఏం వేశారు, బియ్యం ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు’ అని అడగండి. 1942లో బర్మా బియ్యం రావడం ఆగిపోయి, 1943లో బెంగాల్ కరువుతో అల్లాడుతున్న కాలంలో, రంగం నుంచి ఉత్త చేతులతో వచ్చిన మనిషి ఇంటిల్లిపాదినీ ఎలా పోషించారన్నది మనం ఇంతవరకు అడగనే లేదు. దానికి సమాధానం చెప్పగలిగినది ఆమె ఒక్కరే.

వంశధార తీరం:

రేపు ఉదయమే ఊరికి బయలుదేరుతున్నాను మాస్టారూ. చిన్నాన్న కూడా వస్తానన్నారు. అస్సాం దారిన నడిచి వచ్చినది తమ ఇంటి ఎదురుగా ఉండే కుటుంబం పెద్దాయన అయి ఉండవచ్చునని ఆయనే గుర్తు చేసుకున్నారు. వారి మనవడు ప్రస్తుతం గాజువాకలో ఉంటున్నాడట, ఫోను నంబరు సంపాదించాం. దస్తావేజు గారూ, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 1929 నాటి సూచికలు చూడాలంటే దరఖాస్తు ఏ నమూనాలో పెట్టాలో, వెంట ఏ గుర్తింపు పత్రాలు తీసుకెళ్లాలో దయచేసి తెలియజేయగలరు.